చెలమ నీళ్ళు విన్న ఇళ్ళు

మొన్న మంగళవారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు నేను వంటింటి గుమ్మంలో కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాను. పక్కన ఫోనులో పాట వస్తోంది. రెండో చరణం అయిపోయి వయొలిన్ మొదలైన చోట నా చెయ్యి ఆగిపోయింది. అక్కడ కార్ఖానా సైరన్ మోగాలి. ఆ వెంటనే కుర్చీ జరగాలి, తలుపు గొలుసు పడాలి, వీధిలో సైకిల్ స్టాండు తీసిన చప్పుడు రావాలి. అవేవీ రాలేదు. వయొలిన్ ఒక్కటే నిదానంగా సాగి మూడో చరణానికి వెళ్ళిపోయింది. పాటలో లోపం లేదు. చిన్నప్పటినుంచి ఆ పాటను సైరన్‌తో కలిపి విన్న చెవి నాది. నవ్వుకుని మళ్ళీ బఠాణీలు తీసుకున్నాను. ఆ నవ్వు చూడడానికి సత్యవతి టీచరు లేరు. ఆవిడ పోయి ఇది మొదటి చలికాలం.

ఆ ఆల్బం పేరు ‘చెలమ నీళ్ళు’. మీరు విని ఉండరు. మొన్నమొన్నటిదాకా దాన్ని విన్నవాళ్ళందరూ ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అని పిలిచే రైల్వే కాలనీలో, మహా అయితే దాని పక్క వీధుల్లో ఉండేవాళ్ళు. పాడినావిడ పేరు ఆదిలక్ష్మి. నాగావళి ఒడ్డు మనిషి. ఎండాకాలంలో ఏరు ఎండిపోతే ఆడవాళ్ళు ఇసకలో గుంట తవ్వి, నీరు ఊరేదాకా కూర్చుని, చిప్పతో తోడుకుని బిందె నింపుకుంటారు. ఆ ఒక్క పొద్దుటి పని మీదే ఎనిమిది పాటలు. మొదటిది ఏటికి నడక, ఆఖరిది బిందె నిండడం. తంబురా, కంజీర, రెండు మూడు పాటల్లో వయొలిన్, అంతే. గొంతు కొంచెం జీరగా ఉంటుంది. ఎక్కడా గొప్ప కోసం పాడదు.

ఇంత మంచి రికార్డు ఎందుకు అమ్ముడుపోలేదో దాని అట్ట చూస్తే తెలిసేది. కంపెనీవాళ్ళు దాని మీద మంచుకొండ, నీలం సరస్సు, సినిమా వేషంలో బిందె పట్టుకున్న అమ్మాయి బొమ్మ వేశారు. అట్ట చూసి కొన్నవాళ్ళు పాట విని చిరాకు పడ్డారు. ఆ పాట కావలసినవాళ్ళు అట్ట చూసి పక్కకు తప్పుకున్నారు.

మా టీచరు మాత్రం ఆ అట్ట చూసే కొన్నారు. ఆవిడ రైల్వే స్కూల్లో మాకు భూగోళం చెప్పేవారు. మా వరసలో చివరి క్వార్టరు వాళ్ళది. భర్త గూడ్సు బండి గార్డు కావడంతో ఇంట్లో ఉండేది తక్కువ. గోల్ బజార్‌లో ఒక బెంగాలీ దాదాకి రికార్డుల కొట్టు ఉండేది. అందరూ అక్కడికి వెళ్ళి కొత్తగా ఏం వచ్చిందని అడిగేవాళ్ళు. ఈవిడ ఏది అమ్ముడుపోలేదని అడిగేవారు. అమ్ముడైన పాటలు పూజా పందిళ్ళలో మైకు పెట్టి అందరికీ ఎలాగూ వినిపిస్తారు, వాటిని కొనుక్కోవడం దేనికని ఆవిడ వాదం. దాదా మొదట్లో అవమానంగా తీసుకున్నాడట. తరవాత తరవాత ఆయనే బల్ల కింద ఒక పెట్టె పెట్టి, ఎవరూ తీసుకోనివన్నీ ‘దీదీ పెట్టె’లో వేసి ఉంచేవాడు. ‘చెలమ నీళ్ళు’ ఎందుకు కొన్నారని నేనోసారి అడిగితే, “సికాకోళం జిల్లాలో మంచుకొండ ఎక్కడుందో సూద్దావని కొన్నానే” అన్నారు.

మరుగున పడినవన్నీ మంచివని ఆవిడ ఎప్పుడూ అనలేదు. ఒక్కో రికార్డు రెండు వైపులా ఓపిగ్గా విని, అట్టలో పెట్టేసి, “ఇది మరిసిపోదగ్గదే” అని తేల్చేసేవారు. కానీ ఆ తీర్పు రెండు వైపులా విన్నాకే. అలా మిగిలినవి గూట్లో ఒక వరస ఉండేవి. పెళ్ళి మేళంలో క్లారినెట్ వాయించే ఆయన మేళం ఏమీ లేకుండా ఒక్కడే వాయించిన రికార్డు ఒకటి. ఎవరో బెంగాలీ బడిపంతులు ముసలితనంలో పాడిన పడవ పాటలు. పిల్లల పొడుపుకథలను పాటలుగా కట్టిన ఒడియా రికార్డు. అది వింటూ మేము జవాబులు ఒడియాలో అరిచేవాళ్ళం. ఆ వరసలో మొదటి చోటు ఎప్పుడూ మంచుకొండదే.

పాట నచ్చి ఎవరైనా కాపీ అడిగితే ఆవిడ ఒక షరతు పెట్టేవారు. క్యాసెట్ ఇచ్చి వెళ్ళిపోవడం కుదరదు. ఇంటిల్లిపాదీ వచ్చి, ఆల్బం మొత్తం అయ్యేదాకా కూర్చోవాలి. ఒకందుకు అది అవసరం కూడా. రికార్డు వాయించే పెట్టె నుంచి టేప్ రికార్డరుకి కలిపే తీగ ఆవిడ దగ్గర లేదు. స్టూలు మీద టేప్ రికార్డరు పెట్టి, రికార్డు పెట్టె ఎదురుగా జరిపి, గదిలో మోగుతున్న పాటనే పట్టేవారు. ఫ్యాను తిరిగితే ఆ హోరు పడుతుందని ఆపేసేవారు. వైశాఖ మాసంలో తలుపులు వేసుకుని, చెమటలు కారుతూ, తుమ్ము వస్తే ముక్కు పట్టుకుని కూర్చునేవాళ్ళం. ఎవరు కదిలినా టీచరు చూపుడువేలు లేచేది. తరవాత కొన్నేళ్ళకు ఆ తీగ బజారులో దొరకడం మొదలైంది. ఆవిడ కొనలేదు. తీగ వస్తే మనుషులు రారని ఆవిడకు తెలుసు.

ఆల్బం అయ్యాక ఫ్యాను వేసి, ఆవనూనె, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి మరమరాల్లో కలిపిన మురీ పళ్ళెం మధ్యలో పెట్టేవారు. అప్పుడు ఒక్కొక్కరినీ ఒకటే ప్రశ్న అడిగేవారు. ఎలా ఉందని కాదు. మనసు ఎక్కడ పక్కకు వెళ్ళిందని.

మొదటిసారి నన్ను అడిగినప్పుడు నాకు పన్నెండేళ్ళు ఉంటాయేమో. మంచి మార్కులు వస్తాయనుకుని, అంతా బాగుంది టీచర్, ఎక్కడికీ వెళ్ళలేదు అన్నాను.

“అంతా బాగుందంటే ఏదీ ఇన్లేదన్నమాట” అన్నారు. “నిజం సెప్పు పద్దూ. ఏ పాటకాడ తప్పిపోనావు?”

అయిదో పాట దగ్గర మురీ గురించి ఆలోచించానని ఒప్పుకున్నాను. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నేను చాలా విలువైనది ఏదో చెప్పినట్టు తల ఊపారు.

“అయితే ఈపాలి ఆ పాటకే రా. మనసు పక్కకెళ్ళిన సోటే ఇంకోపాలి ఇనాల. తప్పు పాటదో మనదో అప్పుడు తెలస్తాది.”

వెళ్ళాను. అయిదో పాటలో మాటలు తక్కువ. కంజీర మీద వేళ్ళు, మధ్యలో ఊపిరి, అప్పుడప్పుడు ఒక్క పదం. ఇసక తవ్వే పాట అది. తవ్వుతూ పాడడం ఎవరివల్లా కాదు కదా. అది అర్థమైన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. తరవాత నేను చదివిన పుస్తకాలన్నీ అలాగే చదివాను. విసుగు వచ్చిన పేజీ దగ్గర ఒక కాగితం ముక్క పెట్టి, పూర్తయ్యాక వెనక్కి వచ్చేదాన్ని. చాలాసార్లు తప్పు నాదే అయ్యేది. కొన్నిసార్లు పుస్తకానిదే. రైల్వే ఆసుపత్రి కౌంటరులో ఉద్యోగం చేసినన్నాళ్ళూ, చెప్పిందే చెప్పే ముసలివాళ్ళ ముందు నా చూపు గోడ గడియారం మీదకు పోయినప్పుడల్లా ఆవిడ ప్రశ్న వినపడేది. వాళ్ళను మళ్ళీ చెప్పమనేదాన్ని.

మా ఇంటి క్యాసెట్ కథ వేరు. మా నాన్న రైల్వే కార్ఖానాలో ఫిట్టరు. మధ్యాహ్నం సైకిల్ మీద ఇంటికి వచ్చి, భోంచేసి, సైరన్ మోగేలోగా గేటు దగ్గర ఉండాలి. నాకు ఆ పాటలు కావాలని గొడవ చేస్తే, ఇంటిల్లిపాదీ అంటే నాన్న కూడా అని టీచరు పట్టుబట్టారు. ఆయనకు తీరిక ఆ విరామంలోనే. టైము చాలదని, ముందు నాలుగు ముద్దలు తినొస్తానని నాన్న మొత్తుకున్నాడు. అన్నం ఎక్కడికీ పోదని చెప్పి ఆవిడ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. మొదటి వైపు అయింది. రెండో వైపు తిప్పారు. ఆరో పాట మధ్యలో సైరన్ మోగింది. నాన్న లేచాడు. టీచరు చూపుడువేలు కూడా లేచింది. ఆయన ఆవిడకు దణ్ణం పెట్టి, చప్పుడు కాకుండా వెళ్ళాలని ప్రయత్నించి, కుర్చీని ఈడ్చి, గొలుసు జారవిడిచి, సైకిల్‌తో వెళ్ళిపోయాడు. అవన్నీ పాటలో పడ్డాయి. ఆ పూట ఆయనకు అన్నమూ లేదు, ఆల్బమూ లేదు. ఈ సంగతి మా అమ్మ టీచరుకి జీవితాంతం గుర్తుచేసింది.

టీచరు మాత్రం ఆ రోజు నుంచి మా నాన్నకు పేరు మార్చేశారు. వీధిలో సైకిల్ కనపడితే చాలు, గేటు దగ్గర నుంచే, “సగం పాటగారూ, మిగతాది ఎప్పుడింటారు?” అని కేకేసేవారు. నాన్న మర్యాదగా సైకిల్ దిగి, “రిటైరయినాక టీచరుగారూ. అప్పుడు సైరన్‌తో నాకు పనేటి?” అనేవాడు. ఏళ్ళ తరబడి ఇదే ప్రశ్న, ఇదే జవాబు. వీధిలో పిల్లలు కూడా నేర్చుకున్నారు.

కార్ఖానాలో రిటైరైన మనిషిని తోటివాళ్ళు దండలు వేసి, డప్పులతో ఇంటిదాకా దింపి వెళ్ళడం మా దగ్గర ఆనవాయితీ. నాన్న రిటైరైన రోజు మా గుమ్మంలో అమ్మ హారతి పళ్ళెంతో నిలబడింది. డప్పులు వరస మొదట్లో వినపడ్డాయి, దగ్గరకు వచ్చాయి, మా ఇల్లు దాటి వెళ్ళిపోయాయి. మేము తెల్లబోయి చూస్తుంటే, మెడనిండా బంతిపూల దండలతో నాన్న అందరికన్నా ముందు నడుచుకుంటూ చివరి క్వార్టరు గేటు తీశాడు.

“టీచరుగారూ, సగం ఉండిపోనాది కదా. ఎయ్యండి.”

ఆవిడ ఆయన్ని, ఆయన వెనక జనాన్ని చూసి, సగం నుంచి మాత్రం వెయ్యనన్నారు. మొదటి నుంచి వెయ్యడానికైతేనే కూర్చోమన్నారు. గదిలో పట్టినంతమంది గదిలో, తక్కినవాళ్ళు వరండాలో కూర్చున్నారు. నుదుట గంధం బొట్లతో ఫోర్‌మన్‌లు, ఒళ్ళో డప్పులు పెట్టుకుని డప్పులవాళ్ళు. ఫ్యాను ఆపారు. రికార్డు చేసేది ఏమీ లేకపోయినా ఆపారు. హారతి పళ్ళెం పట్టుకుని కోపంగా వచ్చిన అమ్మ, ఆ చూపుడువేలు చూసి, పళ్ళెంతోనే గుమ్మంలో చతికిలబడింది. ఎనిమిది పాటలూ అయ్యాయి. ఎవరూ కదల్లేదు. టీచరు అందరికన్నా ముందు మా నాన్నను అడిగారు, మనసు ఎక్కడ పక్కకు వెళ్ళిందని.

“ఆరో పాటకాడ” అన్నాడు నాన్న. “సైరన్ మోగుతాదని సూసినాను. మోగలేదు.”

డప్పులవాళ్ళు ఆ జవాబుకే మళ్ళీ డప్పులందుకున్నారు. అంత ఆనందంగా మా నాన్నను నేను మళ్ళీ చూడలేదు.

టీచరు కూడా రిటైరై, గార్డుగారు పోయాక, ఊళ్ళోనే పూరీ గేట్ దగ్గర చిన్న ఇంటికి మారారు. సామాను దింపిన రోజున రికార్డుల పెట్టె ఎండలో వరండాలో ఉండిపోయింది. సాయంత్రానికి అవన్నీ అప్పడాల్లా వంగిపోయాయి. ట్రంకు పెట్టెల కింద పెట్టి నొక్కి చూశారు. కొన్ని దారికి వచ్చాయి. ‘చెలమ నీళ్ళు’ రాలేదు. ముల్లు ప్రతి చుట్టులోనూ జారిపోయేది. గోల్ బజార్ దాదా కొట్టులో అప్పటికే ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. విశాఖలో, విజయనగరంలో తెలిసినవాళ్ళందరినీ అడిగాం. ఆ పేరే ఎవరూ వినలేదు. కంపెనీ మూతపడి చాలా కాలమైంది.

టీచరుకి దేని మీదా బెంగ ఉండేది కాదు. దీని మీద పెట్టుకున్నారు. ఎనభై దాటాక, నేను వెళ్ళిన ప్రతిసారీ అదే మాట. “నాను పోతే పోతానే. ఆయమ్మ పాటలు నాతో పోకూడదు. మనం తప్ప ఇన్నోళ్ళు లేరు.” ఒక ఏడాదంతా మాకు అదే భయం. రికార్డు లేదు. ఉన్నవల్లా ఇళ్ళల్లో అరిగిపోయిన క్యాసెట్లు. ఒక్కోదానిలో ఒక్కో ఇంటి రొద.

ఇప్పుడు మేముండే ప్రేమ్ బజార్‌లో, మా మేడ మీద గదిలో శిరీష అని కరీంనగర్ అమ్మాయి అద్దెకు ఉండేది. ఇంజనీరింగ్ కాలేజీలో శబ్దాల మీద పరిశోధన. ఒకరోజు మా క్యాసెట్ విని, ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయని అడిగింది. అన్నిటిలోనూ రొద ఉన్నా, అది ఒకే చోట ఉండదు కదా అంది. ఒక ఇంట్లో దగ్గు పడిన చోట ఇంకో ఇంట్లో శుభ్రంగా ఉంటుంది. మంచి ముక్కలు ఏరి కలిపితే మొత్తం ఆల్బం వస్తుంది. నేను ఆ మధ్యాహ్నమే బయల్దేరాను. ట్రాఫిక్‌లో మిగిలిన ఇళ్ళు, పూరీ గేట్, రిటైరై విశాఖ వెళ్ళిపోయిన కుటుంబాలు, ఎవరినీ వదల్లేదు. దేవుడి గూట్లో పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. నమ్మి ఇవ్వలేక, క్యాసెట్‌తో పాటు తామే మేడెక్కి, కాపీ అయ్యేదాకా కూర్చున్నవాళ్ళూ ఉన్నారు. ఒకదానిలో గూడ్సు బండి ఒక పాట పొడుగునా పోతూనే ఉంది. ఒకదానిలో ఎవరో పిల్లాడి ఏడుపు, గాజుల చప్పుడు, ఒక చిన్న దెబ్బ, నిశ్శబ్దం. మా వెనక వీధి జోగారావుది అన్నిటికన్నా పేరుపడ్డది. రెండో వైపంతా వాళ్ళ తాత గురక.

ముక్కలు కలిపితే తమ ఇంటి చప్పుళ్ళు పోతాయని తెలిసి జోగారావు టీచరు దగ్గరే పంచాయితీ పెట్టాడు. తాత గురక లేకపోతే అది ఆ పాటే కాదని అతని బాధ.

టీచరు మంచం మీద నుంచే తేల్చారు. “పాట ఆయమ్మది. గురక మీ తాతది. ఊరందరికీ మీ తాతెందుకురా?”

నాన్న పోయి అప్పటికి మూడేళ్ళు. ఆ సైకిల్ స్టాండు చప్పుడు తప్ప ఆయన గుర్తు ఏదీ శబ్దంగా మిగల్లేదు. నేను అడక్కుండానే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, “నీ కేసెట్టు నీకుంటాదే పద్దూ. అదెవడూ తియ్యడు” అన్నారు.

క్యాసెట్ల వేగాలు ఒకదానికొకటి సరిపెట్టడానికే శిరీషకు ఒక వానాకాలం పట్టింది. ఆఖరికి ల్యాప్‌టాప్ తీసుకుని పూరీ గేట్ వెళ్ళాం. ఫ్యాను నేనే ఆపాను. సైరన్ లేని, గురక లేని, బండి లేని ‘చెలమ నీళ్ళు’ మొదటిసారి విన్నాం. ఇసక మీద కాలి చప్పుడులాంటి కంజీర మోత ఒకటి ఇన్నాళ్ళూ మాకు వినపడనేలేదు. టీచరు కళ్ళు మూసుకుని విన్నారు. ఎనిమిదో పాటలో గుంటలోకి నీరు ఊరుతుంది. అది చూసిన మనిషి ఊపిరి తీసుకుని ఆఖరి చరణం అందుకుంటుంది. సరిగ్గా ఆ ఊపిరి తరవాత, పాట వెనక, ఎవరో “మ్” అని చిన్నగా నవ్వారు.

“ఇది ఒక్కటి తీసుడు నాతోని కాలేదు మామ్మా” అంది శిరీష. “అన్ని క్యాసెట్లల్ల ఉంది. ఒక్కదాంట్ల జర ముందుగల, ఒక్కదాంట్ల జర ఎనక. రికార్డు మీదిది అయితే అన్నిట్ల ఒక్క తీరుగ ఉండాలె కదా.”

నేను టీచరు వైపు చూశాను. వాన కాలమైనా ఎండా కాలమైనా, ఏ ఇల్లు వచ్చి కూర్చున్నా, ఆ గదిలో ప్రతిసారీ ఉన్న మనిషి ఒక్కరే. పిల్లల తుమ్ములకు వేలెత్తిన మనిషి, మా నాన్నకు పేరు మార్చిన మనిషి.

“నాను కాదు” అన్నారు. శిరీష ఇంకో క్యాసెట్‌లోది వినిపించింది. తరవాత ఇంకోటి. నాలుగోదానికి టీచరు పవిట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. “నానేనేటి?” అని అడిగి, భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వుకి నాకూ ఆగలేదు. ఆవిడకు దగ్గు వచ్చి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ నవ్వారు. జోగారావుని పిలవమన్నారు. పోయిన వాళ్ళ తాత బదులు అతని ముందు తన తప్పు ఒప్పుకోవాలట.

ఆ పాదం తీసేస్తే శుభ్రంగా ఉంటుందని శిరీష మెల్లగా అంది. టీచరు నవ్వు ఆపారు.

“పాట కొయ్యకమ్మా. అదలాగుండనీ. ఎవరో ఒకర్తి ఇంటన్నట్టుంటాది.”

పార్వతీపురంలో ఆదిలక్ష్మిగారి మనవరాలిని పట్టుకుని, ఆవిడ సరే అన్నాకే శిరీష దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టింది. వాళ్ళింట్లో కూడా రికార్డు లేదు. మామ్మ పాడేదని తెలుసుగానీ గొంతు ఎలా ఉండేదో ఆ అమ్మాయికి తెలియదు. విన్న రోజు ఫోన్ చేసింది. “మా మామ్మ పాటకి నవ్వినావిడ ఎవరండీ?” అని అడిగింది. ఫోను టీచరుకి ఇచ్చాను. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. తలుపు దగ్గరగా వేసి వరండాలో కూర్చున్నాను. లోపల నుంచి నవ్వు వినపడింది.

ఇప్పుడు ఎక్కడెక్కడివాళ్ళో దాన్ని వింటున్నారు. ఎక్కువమందేం కాదు. ఒకాయన ఆ పాటల కింద రాశాడు, అయిదో పాట తనకు విసుగ్గా ఉందని. ఇంకోసారి వినండి అని జవాబు రాశాను. వారం తరవాత ఆయన, మీరన్నది నిజమే అని రాశాడు. టీచరుకి చదివి వినిపించిన ఆఖరి సంగతి అదే. మరుసటి ఏటి వానల్లో ఆవిడ పోయారు. నిద్రలో, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా.

మొన్న మంగళవారం బఠాణీలు అయిపోయేసరికి ఎనిమిదో పాట వచ్చింది. పొట్టు పక్కకు జరిపి, ఫ్యాను ఆపడానికి లేచాను. చలికాలం, అది తిరగడం లేదని అప్పుడు గుర్తొచ్చింది. మళ్ళీ కూర్చున్నాను. ఆదిలక్ష్మిగారు ఊపిరి తీసుకున్నారు. టీచరు నవ్వారు. బిందె నిండేదాకా నేను లేవలేదు.

సాయంత్రం ట్రాఫిక్ మీదుగా నడిచి వచ్చాను. చివరి క్వార్టరులో ఇప్పుడు వేరే వాళ్ళున్నారు, మంచివాళ్ళే. ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక పాట వస్తోంది. పాట వినడానికి ఇప్పుడు ఎవరూ ఇంకొకరి ఇంటికి వెళ్ళి కూర్చోవడం లేదు.